ఎడమ పక్క సందులు

మునిగిపోయిన పడవను చూడ్డానికి పనిగట్టుకుని మనుషులు వస్తారంటే కేత్రూ రేవులో ఎవరూ నమ్మలేదు. వచ్చినాయన పేరు రెనాతో. వానలో తడిసిన జీపులోంచి ఎనిమిది గాలి సిలిండర్లు దించి, జాలర్ల సంఘం పాక గోడకి వరసగా ఆనించి, లోపలికొచ్చి పొయ్యి దగ్గర చేతులు కాచుకున్నాడు. వచ్చే వారం ఆరుగురిని తీసుకొస్తాడట. వాళ్ళకి చేపలొద్దు, ఆలిచిప్పలొద్దు. మునిగిన పడవ చుట్టూ ఈది, లైట్లు వేసి ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారట.

"తేలే పడవలు ఇన్నుండగా మునిగినదాన్నేం చూస్తారయ్యా?" అన్నాడు అవుదీలియో. "పోనీ నా కొత్తదాన్ని చూడమను. అది రోజూ సగం మునిగే ఉంటది."

పాకంతా నవ్వింది. అవుదీలియో కొత్త పడవలో పొద్దున్నే రెండు బకెట్లతో నీళ్ళు తోడందే పని మొదలవదని అందరికీ తెలుసు. రెనాతో అడిగే పడవ కూడా అవుదీలియోదే. వాళ్ళమ్మ పేరు పెట్టుకున్న 'దోన్యా సులేమా', రెండు శీతాకాలాల కిందట ఉత్తరపు గాలికి లంగరు మీద ఉన్నదున్నట్టే మునిగిపోయింది. అదృష్టం కొద్దీ అప్పుడందులో మనిషి లేడు.

"దాని దగ్గరికి దిగింది మా నోల్ఫా ఒక్కతే. మోటారుకి తాళ్ళు కట్టి పైకి పంపింది అదే. ఏం కావాలన్నా దాన్నడుగు," అన్నాడు అవుదీలియో.

నోల్ఫా పొయ్యికి అవతలి పక్క బల్ల మీద కూచుని, తడిసిన ఉన్ని మేజోళ్ళు ఆరేస్తూ మాతే కషాయం పీలుస్తోంది. అవుదీలియో ఆమెకి వరసకి అన్న. అతని పడవ మీద పన్నెండేళ్ళుగా డైవరు. ఆ రేవులో నీళ్ళలోకి దిగే ఆడమనిషి ఆమె ఒక్కతే.

"ఇంకెవరూ దిగలేదా?" రెనాతో ఆశ్చర్యపోయాడు. "పద్నాలుగు మీటర్లేగా లోతు?"

"ఎందుకు దిగాలి? అది చూసొచ్చి చెప్పిందిగా," అన్నాడు అవుదీలియో.

రెనాతోకి అర్థం కాలేదు గానీ పాకలో మిగతా అందరికీ అది అడగాల్సిన ప్రశ్నే కాదు. కేత్రూలో ఒక డైవరు చూసొచ్చి చెప్పినదాన్ని సరిచూడ్డానికి ఇంకో డైవరు దిగడు. పైన గాలి గొట్టం పట్టుకున్నవాడికి కింద ఏముందో కనిపించదు. కింద ఉన్నవాడికి తన గాలి గొట్టం ఎవరి చేతిలో ఎలా ఉందో తెలియదు. ఒకరి మాట ఒకరు నమ్మితేనే ఇద్దరూ ఇంటికొస్తారు. వెళ్ళి మళ్ళీ చూడడమంటే ఆ మనిషిని ముఖం మీదే అబద్ధాలకోరు అన్నట్టు.

మూల నుంచి ఒక గొంతు వినిపించింది. "ఏం బాబూ, ఆ ఫొటోలు దగ్గరగా తీస్తారా? పలకకీ పలకకీ మధ్య సందు కనిపించేంత దగ్గరగా?"

అడిగినాయన లెపియో తాత. డెబ్భై దాటినవాడు. యాభై ఏళ్ళు ఆ రేవులో ప్రతి పడవకీ పలకల సందుల్లో అలెర్సె చెట్టు బెరడు నార దట్టించి, పైన లప్పం పూసి, నీళ్ళు రాకుండా చేసింది ఆయన చేతులే. ఇప్పుడు మూల కూచుని చెక్క గరిటెలు చెక్కుతున్నాడు.

"తల వెంట్రుక కూడా కనిపిస్తుంది పెద్దాయనా."

"అయితే ఎడమ పక్కవి నాకోటి చూపించు. నాకు చూడాలని ఉంది."

నోల్ఫా గొంతులో మాతే అడ్డంపడింది. దగ్గు ఆగేదాకా తల వంచుకుని, ఆగాక కూడా ఎత్తలేదు.

ఎడమ పక్క అన్నది ఆమె నోటి మాట. రెండేళ్ళ కిందట, గాలి తగ్గిన నాలుగోనాడు, మోటారు పైకి పంపి ఆమె గట్టుకి రాగానే అవుదీలియో అడిగాడు, "ఏమైందే? నార ఊడిందా?" అని. అప్పటికి నెల కిందటే లెపియో తాత ఆ పడవకి కొత్త నార దట్టించాడు. నోల్ఫా ముఖం తుడుచుకుంటూ, "సందులు విచ్చుకున్నట్టున్నాయి," అంది. జనం వెనక నుంచి లెపియో తాత ముందుకొచ్చాడు. "ఏ పక్కమ్మా?" అన్నాడు. నోటికొచ్చింది చెప్పింది, ఎడమ పక్కని. ఆయన తలూపి, టోపీ సర్దుకుని, ఇంకేమీ అడక్కుండా ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఏ పడవ మీదా సుత్తి పెట్టలేదు.

నోల్ఫా ఏ సందూ చూడలేదు. నీళ్ళు బురదగా ఉన్నాయి నిజమే, కానీ చూడాలనుకుంటే చేత్తో తడిమినా తెలిసేది. ఆమె పడవ వెనక్కి వెళ్ళడానికే భయపడింది. ఎందుకంటే పడవ ఎందుకు మునిగిందో దిగకముందే ఆమెకి తెలుసు. లేదా తెలుసుననుకుంది.

మోటారు కోసం దిగడానికి వారం ముందు, పోటు తీసి పడవ బురదలో కూచున్నప్పుడు, లోపలి వాన నీళ్ళు పోవడానికి అడుగున వెనక భాగంలో ఉండే బిరడా తీసింది ఆమె. నీళ్ళు పోయాయి, బిరడా కనబడలేదు. బురదలో పడిందో, ఎవరి కాలు కిందైనా దిగిపోయిందో. పోటు మొదలైంది. అవుదీలియో గట్టు మీంచి "ఏం చేస్తున్నావే, నిద్రపోతున్నావా?" అని అరుస్తున్నాడు. తన తల్లికి తీసుకెళ్ళాల్సిన బంగాళాదుంపల బస్తా పక్కనే ఉంది. ఒక గట్టి దుంప తీసి, కత్తితో చెక్కి, రంధ్రంలో పెట్టి మడమతో తన్నింది. చుక్క నీరు రాలేదు. పొద్దున మళ్ళీ నీళ్ళు తీసే పాటుకి వచ్చి మార్చేద్దామనుకుంది. ఆ సాయంత్రమే అమ్మకి జ్వరమని కబురొస్తే కాలవ దాటి వెళ్ళిపోయింది. ఉత్తరపు గాలి లేచేదాకా ఆ దుంప గుర్తే రాలేదు. ఉప్పునీళ్ళలో పడ్డ దుంప రెండు రోజుల్లో మెత్తబడి ముడుచుకుపోతుందని వంట చేసే ఆడదానికి ఒకరు చెప్పాలా?

ఇప్పుడు ఆరుగురు పరాయివాళ్ళు లైట్లు పట్టుకుని దిగుతారు. కేత్రూ పద్ధతి వాళ్ళకి పట్టదు. ఎడమ పక్క సందులు చక్కగా ఉన్నట్టూ, అడుగున బిరడా లేని కన్నం నోరు తెరుచుకుని ఉన్నట్టూ ఫొటోల్లో ఊరంతా చూస్తుంది. అప్పుడు లెపియో తాత ముఖం ఎలా ఎత్తి చూడాలో ఆమెకి తెలియలేదు.

"నేను ముందు ఒక్కదాన్నే దిగి, దారి తాడు కట్టొస్తా," అంది రెనాతోతో. "లోపల పాత వలలుంటాయి. కొత్తవాళ్ళు చిక్కుకుంటే మాకు చెడ్డపేరు. ఎల్లుండి దిగుతా."

*

మర్నాడు వాన వెలిసింది. నోల్ఫా పొద్దున్నే దుంపల రొట్టెలు నాలుగు కాల్చి, గుడ్డలో చుట్టుకుని లెపియో తాత ఇంటికి వెళ్ళింది. రొట్టెలు వంక. ఆమెకి కావాల్సింది చేతిలో పట్టేంత లూమా చెక్క. ఇనుములా గట్టిగా ఉండే ఆ కర్రతోనే బిరడాలు చేస్తారు. మంచి లూమా రేవు మొత్తంలో ఈయన దగ్గరే ఉంటుంది. ఎవరి నోటి కూడు పడగొట్టిందో ఆయన్నే పోయి చెక్క అడగడానికి గుండె ధైర్యం కాదు, సిగ్గులేనితనం కావాలి. ఆ సంగతి దారిపొడుగునా ఆమెకి తెలుస్తూనే ఉంది.

"తాడు కట్టడానికి మేకు చేసుకోవాలి తాతా," అంది.

"మేకుకి లూమా ఎందుకే, ఏ కర్రైనా సరిపోదూ?" అంటూనే ఆయన లేచి, మెట్ల కింద పేర్చిన పొయ్యి కట్టెలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. కట్టెల అడుగున ఆయన పనిపెట్టె ఉంది. మూత తీశాడు. చెక్కసుత్తి, అరడజను ఉలులు, నార ఉండ. ఉలుల మీద తుప్పు పూసింది. పెట్టె అడుగు నుంచి లూమా ముక్క తీసిచ్చి, మూత వేసి, మళ్ళీ కట్టెలన్నీ దాని మీద పేర్చడం మొదలుపెట్టాడు. నోల్ఫా వంగి సాయం చేయబోయింది.

"వద్దులే. ఒక వరసలో పెడతా నేను."

రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు సరిపోయిందన్నాడు. అమ్మ ఎలా ఉందని అడిగాడు. ఆమె వెళ్ళడానికి లేచినప్పుడు అన్నాడు, "కిందకి వెళ్తున్నావుగా. వీలైతే అడుగు నుంచి ఎన్నో సందో చూడు. ఊరికే ఎడమ పక్క అంటే తెలియట్లేదు. ఆ పక్క పదకొండు సందులున్నాయి. నేను ఏదీ వదల్లేదనే అనిపిస్తది నాకు."

"చూస్తా తాతా," అంది నోల్ఫా. ఇంటికెళ్ళి సాయంత్రం దాకా ఆ చెక్కని బిరడాగా చెక్కింది. తర్వాత సందుల్లోంచి పాత నార లాగే ఇనుప కొక్కెం వెతికి తీసి, బెల్టుకి కట్టుకుంది. బిరడా కన్నంలోకి, కొక్కెం ఎడమ పక్క సందుల్లోకి. చెప్పిన అబద్ధాన్ని కిందకెళ్ళి నిజం చేసిరావడం అంతకంటే కష్టమైన పనేం కాదు. ఒక గంట చాలు.

*

గొట్టంతో దిగడం వేరు, సిలిండరుతో దిగడం వేరు. గొట్టానికి అవతలి కొసన ఒక మనిషి ఉంటాడు. రెండుసార్లు లాగితే ఎలా ఉన్నావని, మూడుసార్లు లాగితే పైకి రమ్మని. ఇప్పుడు ఆమె వీపు మీది గాలి ఆమెదే. రెనాతో పడవలోనే ఉండిపోయాడు. మెడ దగ్గర సూటులోకి మొదటి చల్లనీళ్ళు జారి వెన్నంతా పాకాయి. పళ్ళు బిగబట్టి లంగరు తాడు పట్టుకుని కిందకి దిగింది. పచ్చటి నీళ్ళు, ఆరేడు మీటర్ల దాకా కనిపిస్తోంది. ఊపిరి వదిలినప్పుడు బుడగల చప్పుడు, పీల్చినప్పుడు ఏమీ లేదు.

దోన్యా సులేమా కుడి పక్క మీద ఒరిగి పడుకుని ఉంది. ఎడమ పక్కంతా పైకే ఉంది. పేరు రాసిన పలక మీద తెల్లటి సముద్రపు పువ్వులు మొలిచాయి. ఒకప్పుడు మోటారు ఉన్న చోట పెద్ద పీత ఒకటి కాపురం పెట్టింది. ఆమె దాన్ని కదపకుండా చుట్టి వచ్చి, ముందు కొస నుంచి మొదలుపెట్టింది.

చేతితొడుగుతో నాచు తుడిచి మొదటి సందు చూసింది. లప్పం అలాగే ఉంది. కత్తి మొన పెట్టి గుచ్చితే దిగలేదు. రెండోది, మూడోది. నాచు తుడవడం, గుచ్చడం. పదకొండు సందులూ అంతే. సముద్రం రెండేళ్ళు కూచుని తినడానికి చూసి, వదిలేసి పోయినట్టుంది.

కొక్కెం తీసి ఐదో సందులో పెట్టి లాగింది. రాలేదు. కాళ్ళు పలకకి తన్నిపెట్టి, రెండు చేతులతో లాగింది. లప్పం పెళ్ళ ఊడి, బెత్తెడు నార బయటికొచ్చింది. లైటు వెలుగులో ఎర్రగా, నిన్న దట్టించినట్టే ఉంది. ఆ నారని చూస్తుంటే ఆమెకి ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది, అంత చల్లనీళ్ళలోనూ. ఆ ముసలాయన మోకాళ్ళ మీద కూచుని, సుత్తి దెబ్బ శబ్దం వింటూ దట్టించిన నార అది. దాన్ని దొంగలా పీకుతోంది. కొక్కెం వదిలేసింది. అది పలక మీంచి జారి బురదలో పడింది. నారని మాత్రం పిడికిట్లో పెట్టుకుంది.

బిరడా అయినా కొట్టేసి పోదామనుకుంది. పడవ వెనక్కి ఈది, అడుగు దూలం పక్కన కన్నం వెతికింది. అక్కడ పేరుకున్న నాచుని గీకింది.

కన్నం లేదు. బిరడా ఉంది.

మొదట నమ్మలేదు. చేతితొడుగు విప్పి వేళ్ళతో తడిమింది. గట్టి లూమా చెక్క, చుట్టూ నార చుట్టి బలంగా దిగగొట్టిన బిరడా. తల మీద పక్కపక్కనే రెండు గాట్లు. ఆ గాట్లు కేత్రూలో ఎవరికి తెలియవు? తను చేసిన ప్రతి చెక్కసామాను మీదా లెపియో తాత పెట్టే గుర్తది. నిన్న ఆమె ఇంట్లో రొట్టె పిండి కలిపిన గరిటె మీద కూడా ఉంది.

ఆమె ఊపిరి వేగం పెరిగింది. గాలి ముల్లు చూసుకుంది, ఇంకా సగం ఉంది. పక్కకి చుట్టి వచ్చి, పైకప్పు లేని చోటు నుంచి లైటు పెట్టి పడవ లోపలికి చూసింది. కుడి పక్క, బురదకి ఆనిన వైపు, రెండు పలకలు విరిగి లోపలికి పొడుచుకొచ్చాయి. పలకల్ని పట్టి ఉంచే వంపుకర్ర ఒకటి తునిగిపోయింది. ఆ కన్నంలో ఇంకా ఇరుక్కునే ఉంది, మనిషి నడుమంత లావు చెట్టు దుంగ. ప్రతి ఉత్తరపు గాలికీ ఏటి వరద తెచ్చి సముద్రంలో వదిలే దుంగల్లో ఒకటి. బయట నుంచి గుద్దింది. సందుదీ తప్పు కాదు, దుంపదీ తప్పు కాదు.

పైకి వచ్చేటప్పుడు, ఒళ్ళు సర్దుకోవడానికి, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఆ మూడు నిమిషాలూ తాడు పట్టుకుని వేలాడుతూ ఆమె లెక్క చూసుకుంది. పడవని తను ముంచలేదు. రెండేళ్ళుగా గుండెల మీద మోసిన రాయి తనది కానే కాదు. తేలిక అనిపించాలి. అనిపించలేదు. చెయ్యని తప్పు దాచుకోవడానికి ఒక మనిషిని ముంచింది, అదీ తనకోసం బిరడా కొట్టిన మనిషిని.

"తాడు కట్టావా?" అన్నాడు రెనాతో, ఆమెని పైకి లాగుతూ.

"కట్టలేదు. రేపు కడతా. నన్ను లెపియో తాత ఇంటి ముందు దింపు."

*

సూటు మీదే వెళ్ళింది. నడిచిన దారంతా నీళ్ళు కారాయి. లెపియో తాత పొయ్యి మీద కెటిల్ పెడుతున్నాడు. ఆమె పిడికిలి విప్పి నారని బల్ల మీద పెట్టింది. ఆయన తీసుకుని, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూశాడు.

"నాదే. ఎక్కడిది?"

"ఎడమ పక్క, ఐదో సందు. కొక్కెం పెట్టి రెండు చేతులా లాగితే ఇంతే వచ్చింది. పదకొండూ చూశా తాతా. ఒక్కటీ విచ్చుకోలేదు."

ఆయన నారని మళ్ళీ నలిపి చూశాడు. కెటిల్ చేతిలోనే ఉంది. నోల్ఫా నిలబడే చెప్పింది. దుంగ సంగతి చెప్పింది, తర్వాత బంగాళాదుంప సంగతి చెప్పింది. దుంప దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఊపాడు.

"ఆ దుంప నాకు తెలుసు. మర్నాడు పొద్దున పాటుకి, సందులెలా కూచున్నాయో చూద్దామని వెళ్ళా. కన్నంలో దుంప! నీదేనని అనుకున్నా, బస్తా నీదేగా. పీకి సముద్రపు కాకులకి పడేసి, బిరడా చేసి కొట్టా. ఆ సాయంత్రమే గాలి వస్తదని అవుదీలియో పడవని లోతుకి తీసుకెళ్ళాడు."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పడానికేముంది? నువ్వు ఊళ్ళో లేవు. ఇంకెవరికైనా చెబితే, ఆడదాన్ని పడవెక్కిస్తే ఇంతే అంటూ ఏడాది నవ్వుకుంటారు. బిరడా కొట్టేశా, అయిపోయింది అనుకున్నా." కెటిల్ పొయ్యి మీద పెట్టి కూచున్నాడు. "పడవ మునిగిందనగానే నాకు ముందు అదే గుర్తొచ్చింది. బిరడా గట్టిగానే ఉంది, నేనే కొట్టా, మరి నీళ్ళెక్కణ్ణుంచి వచ్చాయని. అప్పుడు నువ్వు పైకొచ్చి సందులన్నావు. ఓహో అనుకున్నా."

"నమ్మేశావా తాతా?"

"నువ్వు చూశావుగా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. నోల్ఫా బల్ల అంచు పట్టుకుంది.

"చూడలేదు," అంది. "వెనక్కి పోవాలంటే భయమేసి, ఏదీ చూడకుండా చెప్పా. నీ పని పోగొట్టా."

"పని పోలేదే. పడవలకి నార పెట్టమని రాబర్తో కొడుకొచ్చాడు, అవతలి గట్టు నుంచి ఇద్దరొచ్చారు, సంఘం వాళ్ళూ వచ్చారు. నేనే రానన్నా." ఆయన తన కుడిచేతిని తిప్పి అరచెయ్యి చూసుకున్నాడు. "దెబ్బ శబ్దం వింటే తెలుస్తది నాకు, సందు నిండిందో లేదో. యాభై ఏళ్ళు తెలిసింది. ఎక్కడో ఒకచోట తెలియకుండా పోయిందంటే, ఇంక ఈ చెయ్యి తీసుకెళ్ళి ఇంకొకడి పడవ మీద ఎలా పెట్టను? అందులో మనుషులెక్కుతారు. రెండేళ్ళు, రోజూ ఆ పదకొండు సందులూ మనసులో కొట్టుకుంటూ వచ్చా. ఎక్కడ వదిలానో దొరకలేదు."

"తిట్టు తాతా. కొట్టు, పోనీ."

"తిడితే నీకు తేలిగ్గా ఉంటది." కెటిల్ కూత పెట్టింది. ఆయన లేవలేదు. "సంఘంలో చెప్పు. దుంగ తగిలిందని చెప్పు, సందులు బాగున్నాయని చెప్పు. అప్పుడు బురదలో కనబడలేదను. దుంప సంగతి ఎందుకులే. ఇక వెళ్ళమ్మా, నాకు కాసేపు ఒక్కణ్ణే ఉండాలనుంది."

*

అంత తేలిక దారి ఆయనే చూపించాడు. అప్పుడు కనబడలేదు, ఇప్పుడు కనబడింది. ఎవరూ ఏమీ అనరు. మర్నాడు మధ్యాహ్నం సంఘం పాకలో లేచి నిలబడేదాకా నోల్ఫా ఆ మాటలే నోట్లో తిప్పుకుంటూ ఉంది. తీరా నోరు తెరిచాక బంగాళాదుంపతో మొదలుపెట్టింది.

పాక పగిలేలా నవ్వారు. "ఉడకబెట్టిందా, పచ్చిదా?" అన్నాడొకడు. "వెల్లుల్లి కూడా దట్టించాల్సింది!" అని ఇంకొకడు. అవుదీలియో తొడ మీద కొట్టుకుని, "నీ దుంపతెగ! మా అమ్మ పేరున్న పడవకి దుంప పెడతావుటే!" అన్నాడు. రెనాతో కూడా నవ్వాడు. ఆమె వాళ్ళు నవ్వినంతసేపూ ఆగింది. తర్వాత లెపియో తాత బిరడా సంగతి చెప్పింది, దుంగ సంగతి చెప్పింది.

"మరి అప్పుడు సందులన్నావేంటే?" అన్నాడు అవుదీలియో, కళ్ళు తుడుచుకుంటూ.

"చూడకుండా చెప్పా."

"బురదలో కనబడలేదంటావు."

"చూడలేదు. వెనక వైపుకి వెళ్ళనే లేదు. దుంప వల్లేనని భయపడి లెపియో తాత మీదకి నెట్టా."

నవ్వు అక్కడితో ఆగిపోయింది. దుంపకి నవ్వినవాళ్ళలో ఒక్కడు కూడా దీనికి నవ్వలేదు. ఇన్నాళ్ళూ ఆమె గాలి గొట్టం పట్టుకున్న అవుదీలియో ఆమెవైపు కాకుండా పొయ్యి వైపు చూశాడు.

"అంటే ఇక నుంచి," అన్నాడు నెమ్మదిగా, "నువ్వు కింద చూసొచ్చింది సరిచూడ్డానికి ఇంకొకణ్ణి దించాలన్నమాట."

ఎవరూ కాదనలేదు. ఆమె కూడా కాదనలేదు. మూల బల్ల మీద లెపియో తాత చోటు ఆ రోజు ఖాళీగా ఉంది.

రెనాతో మనుషులకి దారి చూపించడానికి అవుదీలియో ఇంకో డైవరుని పెట్టాడు. వాళ్ళు వచ్చారు, దిగారు, బిరడా మీది రెండు గాట్లకి కూడా ఫొటో తీసుకుని వెళ్ళారు. ఆ ఫొటో సంఘం గోడకి ఎక్కింది. నోల్ఫా ఆ వారమంతా పాటుకి బయటపడ్డ రాళ్ళ మీద, ఆడవాళ్ళతో పాటు, వంగి ఆలిచిప్పలు ఏరింది. "దుంపా, బుట్ట ఇటు జరుపు," అన్నారు వాళ్ళు. జరిపింది.

*

పదో రోజు పొద్దున బురదలో కూచున్న అవుదీలియో కొత్త పడవ దగ్గర నుంచి చెక్కసుత్తి శబ్దం వినిపించింది. రాళ్ళ మీదున్న ఆడవాళ్ళంతా ఒకేసారి నడుములెత్తి చూశారు. లెపియో తాత మోకాళ్ళ కింద గోనె వేసుకుని, చెవి పలకకి దగ్గరగా పెట్టి కొడుతున్నాడు. అవతలి గట్టువాడెవడో దట్టించిన పాత నార పక్కన కుప్పగా పడి ఉంది. పాటు ఉన్నంతసేపూ కొట్టడం, పోటు రాగానే లేవడం. మూడు రోజులు పట్టింది.

నాలుగోనాడు పడవ తేలింది. అవుదీలియో నోల్ఫా ఇంటికొచ్చి, గడప దాటకుండానే అన్నాడు, "రావాలట నువ్వు. నీళ్ళలో సందులెలా కూచున్నాయో నువ్వే దిగి చూడాలట ముసలోడికి. ఇంకొకణ్ణి దింపుతానంటే, అయితే నా నార నాకిచ్చెయ్యి అంటున్నాడు. వస్తావా?"

ఆమె సూటు వేసుకుని వెళ్ళింది. లెపియో తాత పడవలో బల్ల మీద కూచున్నాడు. ఆమెని పలకరించలేదు. రేవులో పనుల మీదున్నవాళ్ళు నలుగురైదుగురు గట్టు మీదికి చేరారు. అవుదీలియో గొట్టం చేతికి తీసుకున్నాడు.

కింద ఆమె చేతితొడుగులు విప్పేసింది. ముందు కొస నుంచి మొదలుపెట్టి ప్రతి సందునీ వేళ్ళతో తడుముతూ వెనక్కి వెళ్ళింది, మళ్ళీ ముందుకొచ్చింది. వేళ్ళు మొద్దుబారితే చంకలో పెట్టుకుని, మళ్ళీ తడిమింది. ఎడమ పక్క అయ్యాక కుడి పక్క. అవుదీలియో రెండుసార్లు గొట్టం లాగి అడిగాడు. బాగానే ఉన్నానని తిరిగి లాగింది. కుడి పక్క మూడో సందు దగ్గర వేలు ఆగింది. జానెడు మేర లప్పం కింద మెత్తగా తగిలింది. కత్తి మొన పెట్టి చూసింది, కొంచెం దిగింది. ఇంకోసారి చూసింది. మూడోసారి కూడా చూసింది, తన వేళ్ళదే పొరపాటైతే బాగుండునని. పొరపాటు కాదు.

పైకొచ్చి పడవ అంచు పట్టుకుంది. గట్టు మీద అందరూ ఇటే చూస్తున్నారు. అంతా బాగుందంటే చాలు, ఆ ముసలాయన తల పైకెత్తి ఇంటికి వెళ్తాడు. రెండేళ్ళ తర్వాత మొదటి పని. 

"ఒకచోట బాలేదు," అంది.

 లెపియో తాత ఒళ్ళో ఉన్న సుత్తి మీద చెయ్యి పెట్టాడు.

"ఏ పక్కమ్మా?" అన్నాడు.

"కుడి పక్క. అడుగు నుంచి మూడో సందు, వంపు తిరిగే చోట. జానెడు మేర నార లోతుకి దిగలేదు."

ఆయన కళ్ళు మూసుకుని, కుడి చెయ్యి గాలిలో అటూ ఇటూ ఆడించి చూసుకున్నాడు. తలూపాడు.

"ఔను. అక్కడ వంగడానికి నడుము రాలేదు నాకు. శబ్దం కొంచెం తేడాగానే అనిపించింది." వంగి, ఆమె చెయ్యి పట్టుకుని పైకి లాగాడు. ఆమె వేళ్ళు నీలంగా ఉన్నాయి. ఆయన వాటిని చూశాడు. "రేపు పాటుకి కొడతా. అవుదీలియో, ఈ పిల్లకి వేడిగా ఏదైనా పొయ్యి. చూసే వచ్చింది."